బొగ్గుబాయి దారిలో వచ్చిన మాటలు

1871లో భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ ఆ కంపెనీ స్థానంలోకి వచ్చింది. బొగ్గు అడవి దాటి బయటికి పోతుంటే, ఎదురుదారిన ఇంగ్లిషు లోపలికి వచ్చింది.

గనిని మాత్రం జనం బాయి అనే పిలిచారు. కార్మికుడు బాయిలోకి దిగుతాడు, డ్యూటీ ఎక్కుతాడు, డ్యూటీ దిగుతాడు. ‘డ్యూటీ’ ఇంగ్లిషుది, క్రియ తెలుగుది.

ఇంగ్లిషు జంట క్రియల దగ్గర ఈ కలయిక మరీ ముచ్చటగా ఉంటుంది. బ్రేక్ అంటే విరగడం, డౌన్ అంటే కిందికి. రెండూ కలిస్తే యంత్రం మొరాయించడం. తెలుగు ఆ జంటను విడదీయకుండా ఒకే నామవాచకంగా తీసుకుని పక్కన ‘అయింది’ చేర్చింది. భద్రాచలం దారిలో బస్సు ఆగితే ‘బ్రేక్‌డౌన్ అయింది’ అంటారు. ‘స్విచ్ ఆఫ్’లోనైతే అసలు క్రియే రాలిపోయింది: ‘లైటు ఆఫ్ చెయ్యి’. తోక మిగిలింది, దానికి ‘చెయ్యి’ అతుక్కుంది.

‘లే ఆఫ్’ కథ అంత తేలిక కాదు. 1953లో పారిశ్రామిక వివాదాల చట్టంలోకి లే ఆఫ్ నిబంధనలు చేరాయి. అర్హులైన కార్మికులకు పని చూపలేని రోజులకు సగం వేతనం పరిహారంగా ఇవ్వాలని అవి చెప్పాయి. ‘లేఆఫ్ ఇచ్చారు’ అన్న మాటలో ఇంటి బియ్యం లెక్క ఉంటుంది.

అసలు జంట క్రియలు తెలుగుకు కొత్తవా? ‘పాడైపోయింది’లో పోవడం ఎక్కడుంది? ‘వచ్చేశాడు’లో వేసిందేమిటి?