అల్యూమినియం చేపల పడవ: లోపలి అమరికను తిరిగి కట్టే ప్రణాళిక

అమెరికాలో సరస్సులు, చెరువులు, నెమ్మదిగా పారే నదుల్లో గాలం వేసేవారు వాడే చిన్న అల్యూమినియం పడవలు ప్రధానంగా రెండు రకాలు. అడుగు చదునుగా, ముందు కొస మొద్దుగా ఉండేది జాన్ బోట్. అడుగు ‘వి’ ఆకారంలో ఉండేది వి-హల్. వీటి పొడవు ఎక్కువగా 12 నుంచి 16 అడుగులు. జాన్ బోట్‌ను 1436 అని పిలిస్తే పొడవు 14 అడుగులు, అడుగుభాగం వెడల్పు 36 అంగుళాలు అని అర్థం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ పడవల తయారీ ఊపందుకుంది. యుద్ధ విమానాలు కట్టిన గ్రుమన్ సంస్థ అల్యూమినియం కనూలు చేసింది. మిన్నెసోటాలో పడవల సంస్థలు అల్యూమాక్రాఫ్ట్ 1946లో, లుండ్ 1948లో మొదలయ్యాయి. 1978లో మిస్సోరీకి చెందిన జానీ మోరిస్ పడవ, మోటారు, ట్రైలర్ కలిపి ‘బాస్ ట్రాకర్’ పేరుతో అమ్మడం ప్రారంభించారు. అల్యూమినియం కుళ్లదు కాబట్టి దశాబ్దాల నాటి పడవలు కూడా తక్కువ ధరకు దొరుకుతాయి. వాటిని కొని, అడ్డబల్లల స్థానంలో నిలబడి గాలం విసిరే డెక్, పట్టిన చేపల్ని బతికించి ఉంచే లైవ్‌వెల్, సామాను అరలు, బ్యాటరీతో నెమ్మదిగా నడిపే ట్రోలింగ్ మోటారు అమర్చుకోవడం అక్కడ ఎంతోమంది ఇష్టంగా చేసుకునే పని.

అడ్డబల్లలు చేసే పని

మొదట తేల్చుకోవలసింది అడ్డబల్లల సంగతి. పాత పడవలో సాధారణంగా రెండు మూడు బల్లలు ఒక పక్క నుంచి మరో పక్కకు రివెట్లతో బిగించి ఉంటాయి. నడవడానికి అడ్డం కాబట్టి ముందుగా వాటినే కోసేయాలనిపిస్తుంది. అయితే పక్క రేకులు బయటికి విచ్చుకోకుండా, లోపలికి నొక్కుకుపోకుండా పట్టి ఉంచేవి ఆ బల్లలే. మధ్య బల్ల తీసేసిన పడవ అలల మీద వేగంగా వెళితే రేకు అటూ ఇటూ ఊగుతుంది, క్రమంగా రివెట్లు వదులై నీళ్లు కారుతాయి. బల్ల తీయక తప్పకపోతే, ఆ చోట రెండు పక్కల్నీ కలిపే అడ్డ చట్రాన్ని అల్యూమినియం యాంగిల్‌తో కట్టాలి. బల్లల్ని అలాగే ఉంచి, వాటి మీదుగా డెక్ పరచడం అన్నిటికన్నా క్షేమమైన పద్ధతి.

బల్లల కింద మరో ముఖ్యమైన వస్తువు ఉంటుంది, నురుగు. పడవ నీళ్లతో నిండినా మునగకుండా తేల్చేది అదే. ఒక ఘనపుటడుగు మంచి నురుగు సుమారు 27 కిలోల బరువును తేలుస్తుంది. సామాను అర కోసం దాన్ని తీసేస్తే అంత ఘనపరిమాణం నురుగును మరోచోట, వీలైతే పక్కల వెంబడి పై ఎత్తులో పెట్టాలి. అంతా అడుగునే పెడితే నీళ్లు నిండినప్పుడు పడవ తిరగబడవచ్చు. ఇళ్ల గోడలకు వాడే పాలిస్టైరీన్ పలకలు పెట్రోలు తగిలితే కరిగిపోతాయి కాబట్టి ఇంధన ట్యాంకు దగ్గర పనికిరావు. పాత నురుగు నీరు పీల్చి బరువెక్కిందేమో కూడా చూసుకోవాలి. తడిసిన నురుగును దాచిపెట్టి పైన కొత్త డెక్ వేయడం ప్రమాదం.

బరువు, ఎత్తు

అమెరికాలో 1971 నాటి పడవల భద్రతా చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం 20 అడుగుల లోపు మోటారు పడవలకు సామర్థ్య పలక ఉంటుంది. ఎంతమంది ఎక్కవచ్చు, మనుషులు, మోటారు, సామాను కలిపి ఎంత బరువు, ఎన్ని హార్స్‌పవర్ అన్నది దాని మీద ఉంటుంది. ఆ అంకెలు కర్మాగారం నుంచి వచ్చిన పడవకు లెక్కగట్టినవి. కొత్తగా చేర్చే ప్రతి కిలో వాటిలోంచి తరిగిపోతుంది. 4×8 అడుగుల ముప్పావు అంగుళం ప్లైవుడ్ ఒక్కటే దాదాపు 30 కిలోలు. అదే కొలతలో అంగుళంలో పదోవంతు మందం ఉన్న అల్యూమినియం రేకు సుమారు 20 కిలోలు, కానీ దానికి కింద చట్రం మరింత దగ్గరగా ఉండాలి.

బరువెంత అన్నదానితో పాటు అది ఎంత ఎత్తులో ఉందన్నదీ చూడాలి. డెక్‌ను పడవ అంచు దాకా లేపితే గాలం విసరడం సులువే. కానీ దాని మీద మనిషి నిలబడగానే గరిమనాభి పైకి పోతుంది, అడుగుభాగం 36 అంగుళాలే ఉన్న పడవ ఆ ఎత్తుకు తాళదు. వెడల్పు తక్కువైన పడవలో డెక్‌ను బల్లల ఎత్తుకు మించనివ్వకపోవడమే వివేకం. వెనకవైపు మోటారు, ఇంధనం, మనిషి ఉంటారు కాబట్టి బ్యాటరీని ముందుకు జరిపి తూకం సరిచేయడం మామూలు. ఒక లీటరు నీళ్లు ఒక కిలో కాబట్టి లైవ్‌వెల్‌ను నడిమధ్యలో పెడితే అది నిండినా, ఖాళీ అయినా పడవ ఒరగదు.

రేకును తినేసే పదార్థాలు

చెదలు పట్టకుండా రాగి లవణాలతో శుద్ధి చేసిన కలపను అల్యూమినియానికి తగలనివ్వకూడదు. తేమ చేరితే రాగి ఆ రేకును తినేస్తుంది. పడవ అడుగున పడి ఉన్న రాగి నాణెం కూడా కాలక్రమంలో చిల్లు పెట్టగలదు. అందుకే మామూలు మెరైన్ ప్లైవుడ్‌ను తెచ్చి, అంచులు, స్క్రూ రంధ్రాలతో సహా ఎపాక్సీ పట్టించి వాడతారు. స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడితే రేకుకూ వాటికీ మధ్య సీలెంట్ ఉండాలి. నీటి మట్టానికి దిగువన కొస మూసిన రివెట్లే వాడాలి.

విద్యుత్ పనిలో ముఖ్యమైనది ఫ్యూజు. స్టార్టర్ తీగ మినహా బ్యాటరీ నుంచి బయల్దేరే ప్రతి పాజిటివ్ తీగకూ సాధారణంగా 7 అంగుళాల లోపు ఫ్యూజు ఉండాలని అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం చెబుతుంది. పడవ శరీరాన్ని ఎర్త్ తీగలా వాడకూడదు. అలా వాడితే రేకు వేగంగా చెడుతుంది.

అట్టముక్కలతో ప్రతి భాగానికీ నమూనా కోసి, పడవలోనే పరచి చూసుకున్నాక కోత మొదలుపెట్టాలి. చట్రం వదులుగా బిగించగానే పడవను లోతులేని నీళ్లలో దించి, మనుషులు, బ్యాటరీ, ట్యాంకు ఉండే చోట్ల అంతే బరువున్న ఇసుక బస్తాలు పెట్టి చూడండి. పడవ ఒరిగినా, వెనక అంచు నీటికి దగ్గరైనా అప్పుడే అమరిక మార్చండి. డెక్ మీద కార్పెట్ అతికించి రివెట్లు కొట్టేశాక మార్చాలంటే మళ్లీ మొదటి నుంచీ విప్పాల్సిందే.