ఇంప్రెగ్నేట్

ఇంప్రెగ్నేట్ ఒక ఆంగ్ల క్రియాపదము. గర్భము కలిగించుట, ఒక పదార్థమును మరొక దానిలో లోలోపలి వరకు ఇంకించుట అనునవి దీని ముఖ్యార్థములు. రెండింటికీ సరిపోవు ఒకే తెలుగు మాట లేదు. కావున సందర్భమును బట్టి పదమును ఎన్నుకొనవలెను.

వ్యుత్పత్తి

గర్భము దాల్చిన అను అర్థము గల లాటిన్ పదమునుండి ఇది పుట్టినది. ఆంగ్లమున క్రియగా 17వ శతాబ్దములో వాడుకకు వచ్చినది.

మొదటి అర్థము: ఫలదీకరణము

మనుష్యుల విషయమున గర్భవతిని చేయు, పశువుల విషయమున చూడి కట్టించు, వృక్షశాస్త్రమున ఫలదీకరించు అని చెప్పవచ్చును. పుప్పొడి కీలాగ్రమును చేరుట పరాగ సంపర్కము మాత్రమే. పురుష బీజము అండముతో కలసినపుడే ఫలదీకరణము.

పశువునకు కృత్రిమ గర్భధారణ చేయించుటను ఇన్సెమినేషన్ అందురు. చూడి నిలిచిననే ఇంప్రెగ్నేట్ అను మాట వర్తించును. చూడి నిలువని పశువు సుమారు 21 రోజులకు మరల ఎదకు వచ్చును. రెండును ఒకటే అని తలచి ఆ ఎదను గమనింపని రైతు పాడి కాలమును నష్టపోవును.

కామారెడ్డి జిల్లాలోని రామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో వరి పండును. వరి వెన్ను ఆకు తొడుగులో పెరుగు స్థితిని తెలుగు రైతులు పొట్ట దశ అందురు. పైరునకు గర్భమును ఆరోపించు ఈ పలుకుబడి ఆంగ్ల పదభావమునకు దగ్గరగా తోచును. అయితే వెన్ను బయటికి వచ్చి పూత పూసినపుడే ఫలదీకరణము జరుగును. కనుక పొట్ట దశను ఇంప్రెగ్నేషన్ అని అనువదించరాదు. దానికి ఆంగ్లమున బూటింగ్ అని పేరు.

రెండవ అర్థము: ఇంకించుట

ఇంకించు, పట్టించు, నానబెట్టు అనునవి ఇచట తగిన మాటలు.

* కలప: చెదలు, బూజు పట్టకుండ రైలు పట్టాల క్రింది చెక్క దిమ్మెలకు క్రియోసోట్ నూనెను ఒత్తిడితో ఎక్కించెడివారు. ఈ పద్ధతికి జాన్ బెతెల్ 1838లో బ్రిటనులో పేటెంటు పొందెను.
* దోమతెరలు: మలేరియా నివారణకు కీటకనాశక మందు పట్టించిన తెరలను వాడుదురు.

సంతృప్తము అను మాటను ఇచట వాడునపుడు జాగ్రత్త అవసరము. రసాయన శాస్త్రమున అది ఇక ఏమాత్రము కరగని స్థితి. ఆంగ్లమున దానిని సాచురేటెడ్ అందురు. మందు పట్టించిన వస్త్రము ఆ స్థితిని చేరనవసరము లేదు.

పొరపడు పదము

దుర్భేద్యమైన అను అర్థము గల ఇంప్రెగ్నబుల్ రూపమున దీనిని పోలియున్నను ధాతువు వేరు. పట్టుకొను అను అర్థము గల ఫ్రెంచి పదమునుండి అది వచ్చినది. శత్రువులు పట్టుకొనజాలని కోటకు అది విశేషణము.