నిండిన డిస్కు, సంక్రాంతి గౌతమి

2015 గోదావరి పుష్కరాలప్పుడు చుట్టాలందరి ఫోటోలూ వీడియోలూ రాజమండ్రిలో మా ఇంట్లోని పాత లినక్స్ డబ్బాలోకి ఎక్కించే పని నా నెత్తిన పడింది. ఎక్కిస్తుండగానే డిస్కు నిండిపోయిందంది. ఈఎక్స్‌టీ4 రూట్‌కి తప్ప ఎవరికీ ఇవ్వకుండా 5 శాతం దాచుకుంటుంది కదా, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని కదా, దాన్ని సున్నా చేసేశా. చోటైతే దొరికింది. కాపీ మాత్రం మా దేవీచౌక్ ట్రాఫిక్కులా తయారైంది.

ఆ 5 శాతం ఎవరో తోచక పెట్టింది కాదండీ. తొలినాళ్ళ యూనిక్స్‌లో ఖాళీ బ్లాకులన్నీ ఒక జాబితాలో ఉండేవి. ఫైళ్ళు రాస్తూ చెరుపుతూ ఉంటే అది కలగాపులగమైపోయి, ఒకే ఫైలు డిస్కంతా చెల్లాచెదురయ్యేది. కొత్తలో సెకనుకి 175 కిలోబైట్లిచ్చే డిస్కు కొన్ని వారాల వాడకానికే 30కి పడిపోయేదని బర్క్‌లీ వాళ్ళు లెక్కగట్టారు. మెక్యూసిక్, బిల్ జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ 1984లో ప్రచురించిన ఫాస్ట్ ఫైల్ సిస్టమ్ పేపర్లో దీనికి మందు రాశారు. డిస్కుని సిలిండర్ల గుంపులుగా విడగొట్టి, ఒక ఫైలు బ్లాకుల్ని దగ్గరదగ్గరగా సర్దాలి. సర్దాలంటే దగ్గర్లో ఖాళీ ఉండాలిగా! అందుకే మామూలుగా 10 శాతం ముట్టుకోకుండా వదిలేవారు. ఖాళీ బొత్తిగా అయిపోతే వేగం సగానికి పడిపోతుందని కూడా రాశారు. ఆ అలవాటే లినక్స్‌లో 5 శాతమై కూర్చుంది.

సంక్రాంతికి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళకి ఇది విడమర్చక్కర్లేదు. మామూలు రోజుల్లో ఆరుగురికీ ఒకేచోట బెర్తులొస్తాయి. పండక్కి చివర్లో బుక్ చేస్తే నాన్న ఎస్3లో, పిల్లలు ఎస్9లో. పులిహోర డబ్బా పట్టుకుని అమ్మ బోగీలు దాటుతూనే ఉండాలి. డిస్కులో హెడ్డు పడే పాట్లూ అవే.

ఎస్సెస్డీలో హెడ్డు లేదు గానీ బాధ పోలేదు. రాసినచోటే మళ్ళీ రాయడం కుదరదు, ఓ పెద్ద బ్లాకు మొత్తం చెరపాలి. ఖాళీ తగ్గేకొద్దీ, అందులో పనికొచ్చే డేటాని ముందు పక్కకి మోసుకెళ్ళే చాకిరీ పెరుగుతుంది.

ఇంతకీ పుష్కరాల సంగతి. రైలుకి టైమవుతోందని, సీడీలో ఇంకో కాపీ ఉందన్న ధీమాతో 2003 పుష్కరాల ఫోల్డరు చెరిపేశా. కాపీ చకచకా సాగింది. ఆ సీడీని తర్వాత ఏ డ్రైవూ చదవలేకపోయింది. కోటిలింగాల రేవులో తాతయ్య ఫోటో అందులోనే ఉంది.

ఇప్పుడు ఇంటి డిస్కులో 10 శాతం వదిలేస్తున్నా. "అంత ఖాళీ పెట్టుకుని ఇంకో డిస్కెందుకురా?" అంటారు నాన్నగారు.