మోకు, ముస్తాదు, గీతకత్తి

తాటిచెట్టుకు కొమ్మలుండవు. పట్టుకోవడానికి ఏమీ దొరకని నిటారు కాండం, దాని కొసన రంపపు పళ్ళున్న మట్టలు, ఆ మట్టల సందుల్లో గెలలు. కల్లు కావాలంటే అక్కడికే పోవాలి. ఒకసారి పోతే సరిపోదు, గీత సాగినన్నాళ్ళూ పొద్దున ఎక్కాలి, సాయంత్రం ఎక్కాలి. తెలుగునాట తరతరాలుగా ఈ పని చేస్తున్న గౌడ, ఈడిగ, శెట్టిబలిజ, యాత కులాల వారి సరంజామా అంతా ఒక మనిషి ఒంటి మీద ఇమిడిపోతుంది.

అందులో మొదటిది మోకు. చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు అది. దాన్ని చూసి మనిషిని చెట్టుకు కట్టేశారనుకుంటారు గానీ, అది కట్టు కాదు. ఎక్కేవాడు వెనక్కి వాలినప్పుడే మోకు పనిచేస్తుంది. ఒంటి బరువు తాడును లాగుతుంది, తాడు కాండం గరుకును కరుచుకుంటుంది, పాదాలకు తగిలించుకున్న చిన్న తాడు బంధం చెట్టును ఒత్తి పడుతుంది. ఇప్పుడు ఒక జానెడు పైకి జరగాలంటే ముందుకు వంగాలి, మోకు వదులవ్వాలి, ఆ క్షణంలోనే రెండు చేతులతో దాన్ని పైకి విసరాలి. మళ్ళీ వాలాలి. అంటే ప్రతి అడుగుకూ ఒక రెప్పపాటు మనిషిని మోకు పట్టుకుని ఉండదు. వాన పడి కాండం నానిన రోజున ఆ రెప్పపాటే ప్రాణం మీదికి తెస్తుంది.

ముస్తాదు నడుముకు ఉంటుంది. కత్తులు, కల్లు పట్టే లొట్టి అక్కడే వేలాడతాయి, ఎందుకంటే చేతులు రెండూ మోకుకే చాలవు.

పైకి చేరాక అసలు పనితనం కత్తిది. పోతుతాడు (మగ తాటిచెట్టు) గెలలను గానీ పండుతాడు (ఆడ తాటిచెట్టు) గెలలను గానీ ముందు కొన్నాళ్ళు సాధకం చేయాలి. అంటే కట్టి, మెల్లగా నొక్కి, తట్టి, లోపలి రసం కొసకు దిగేలా అలవాటు చేయడం. ఆ తర్వాత పూటపూటా కొసను పలచగా చెక్కుతారు. కాగితమంత పొర పోవాలి, అంతకన్నా ఎక్కువ పోతే గెల తొందరగా అయిపోతుంది, తక్కువ పోతే పాత గాయం ఆరిపోయి చుక్క రాలదు. మొండి కత్తి పెడితే మరీ నష్టం. అది కోయదు, నలుపుతుంది. నలిగిన నాళాలు మూసుకుపోతాయి. గీసేవాడు కత్తి నూరడానికి అంతసేపు తీసుకునేది అందుకే. గడ్డం గీసుకోవడానికి సరిపడేంత పదును ఉంటే గానీ దాన్ని ముస్తాదులో పెట్టడు.

ఈతచెట్టు సంగతి వేరు. దీనికి గెలతో పనిలేదు, కాండాన్నే గీస్తారు. మొవ్వుకు కింద ఒక పక్క మట్టలు నరికి, లోపలి తెల్లటి భాగం కనిపించేలా చెక్కి, గాటు కింద లొట్టి కడతారు. ఒక ఏడాది ఒక వైపు గీస్తే మరుసటి ఏడాది ఎదుటి వైపు గీస్తారు. చెట్టు ఎదుగుతూ పోయేకొద్దీ ఆ పాత గాట్లు మెలికలు మెలికలుగా కాండం మీద మిగిలిపోతాయి. పాత ఈదుల్లో నిలబడి గాట్లు లెక్కపెడితే ఆ చెట్టు ఎన్నేళ్ళు కల్లిచ్చిందో చెప్పేయవచ్చు. ఇంత నమ్మకమైన లెక్క ఆబ్కారీ (మద్యం సుంకం) కచేరీల్లో కూడా ఉండకపోవచ్చు.

ఆబ్కారీ వారికి చెట్టు మీద ఆసక్తి మామూలుది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1886 ఆబ్కారీ చట్టం, నిజాం రాజ్యంలో 1316 ఫసలీ నాటి హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చాక, గీతకు పనికొచ్చే ప్రతి తాడూ ఖజానాకు ఒక పద్దు అయింది. చెట్టుకు గుర్తు వేయడం, చెట్టు పన్ను కట్టించుకోవడం, దుకాణాలను వేలం వేయడం, గుత్తేదారుకు అప్పగించడం. నిజాం ఖజానాకు ఆబ్కారీ పెద్ద రాబడుల్లో ఒకటి. ఆ దస్తావేజుల నిండా చెట్లే కనిపిస్తాయి. చెట్టెక్కే మనిషి, వాడి మోకు కనిపించడం అరుదు.

అంతకు ముందు మనిషి కనిపించింది తిరుగుబాటుదారుగా. నేటి జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్ కోట నుంచి మొఘల్ అధికారులను హడలెత్తించిన సర్వాయి పాపన్న గీత కులంలో పుట్టినవాడు. 1708లో వరంగల్ మీద పడి దోచుకున్నాడు, 1710లో పట్టుబడి చంపబడ్డాడు. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాసిన వృత్తాంతం ప్రకారం మారువేషంలో తిరుగుతున్న అతన్ని గుర్తుపట్టింది ఒక కల్లమ్మేవాడే. అక్కడికి రెండున్నర శతాబ్దాల తర్వాత మళ్ళీ ఒకసారి గీత కులాలు ఒక ప్రభుత్వాన్ని కుదిపాయి, ఈసారి శాసనసభలో.

దాని వెనక మద్యనిషేధం ఉంది. మద్రాసు ప్రభుత్వ పెద్దగా ఉన్న రాజాజీ 1937 అక్టోబర్‌లో సేలం జిల్లాలో దాన్ని మొదలుపెట్టి, ఆ తర్వాత చిత్తూరు, కడపలకు తెచ్చారు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం అమలైంది. గీత కార్మికుడి కత్తి, మోకు, చెట్టు అన్నీ అవే. నేరానికీ నేరం కానిదానికీ మధ్య తేడా లొట్టిలో పూసిన సున్నం. సున్నం పూసిన లొట్టిలో పడిన రసం పులియదు. లైసెన్సు ఉంటే దాన్ని నీరాగా అమ్ముకోవచ్చు, కాచి తాటిబెల్లం చేసుకోవచ్చు. సున్నం లేని లొట్టిలో అదే రసం మధ్యాహ్నానికి కల్లు, అంటే కేసు. బెల్లం కాచడానికి కట్టెలు కావాలి, పొయ్యి కావాలి, ఇంటిల్లిపాదీ పనిచేయాలి. పగలంతా కాగితే చేతికొచ్చేది కల్లు డబ్బులో ఒక మూలకు రాదు. చెట్టెక్కే చేతులను పొయ్యి ముందు కూర్చోబెట్టే ఈ ఏర్పాటు కాగితం మీద ఎంత చక్కగా ఉన్నా, ఊళ్ళలో నిలవలేదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేసరికి గీత కార్మికుల ఆందోళన పెరిగిపోయింది. నిషేధం ఎత్తేయాలని ఎస్.వి. రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. శ్రీకాకుళం జిల్లా బారువకు చెందిన సర్దార్ గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షాన నిలిచాడు. 1954 నవంబర్‌లో అవిశ్వాస తీర్మానం నెగ్గి, ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. తెలుగువారి మొట్టమొదటి రాష్ట్ర ప్రభుత్వాన్ని దించింది రాజధాని గొడవ కాదు, నీళ్ళ పంపకం కాదు, కల్లు! స్వాతంత్ర్యోద్యమంలో తుపాకీకి ఎదురు నిలిచిన ప్రకాశం గారి చరిత్ర చెప్పేటప్పుడు ఈ ముక్కను చాలామంది తొందరగా దాటేస్తారు.

1968 ఎక్సైజ్ చట్టం పాత రెండు చట్టాలనూ కలిపేసింది. తర్వాత గీత సహకార సంఘాలు, చెట్టు పట్టా విధానం వచ్చాయి. గుత్తేదారు పోయాడు, చెట్టు గీసేవాడి పేరు మీదికి వచ్చింది. మోకు మాత్రం అదే మోకు, నార స్థానంలో నైలాన్ వచ్చిందంతే.

యంత్రం ఎందుకు రాలేదనే ప్రశ్నకు జవాబు చెట్టు మీదే ఉంది. కేరళలో కన్నూరు జిల్లా చెంబేరికి చెందిన ఎం.జె. జోసెఫ్ తయారుచేసిన ఇనుప ఎక్కుడు పరికరం కొబ్బరి తోటల్లో బాగా కుదిరింది. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి దానితో వేలమందికి శిక్షణ ఇచ్చింది, ఆడవాళ్ళు కూడా ఎక్కడం నేర్చుకున్నారు. అయితే కొబ్బరికాయ దింపేవాడు మొవ్వు కిందిదాకా పోయి, చెయ్యి చాపి కోస్తే పని అయిపోతుంది. తాడెక్కేవాడు అక్కడ ఆగలేడు. యంత్రం ఆగిన చోటు నుంచి రంపపు మట్టల మధ్యకు దూరి, మట్ట మీద కాలు వేసి, గెలల మధ్య కూర్చుని కత్తి పట్టాలి. ప్రమాదాలు జరిగేది ఎక్కుతున్నప్పుడే కాదు, ఇదిగో ఈ మోకు నుంచి మట్ట మీదికి, మట్ట నుంచి మోకులోకి మారే చోట కూడా. కాండం కూడా మొదలు లావు, పైన సన్నం. ఇనుప చట్రాన్ని ఎక్కుతూ ఎక్కుతూ బిగించుకోవాలి, తాడు తనంతట తానే ఆ తేడాను సర్దుకుంటుంది.

అందుకే తెలంగాణలో చివరికి వచ్చిన మార్పు యంత్రం కాలేదు, తాళ్ళే. 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు పంచారు. గీత కార్మికులు చెట్టెక్కే ముందు తలుచుకునే కాటమయ్య పేరే దానికి పెట్టారు. జనం మాత్రం ‘సేఫ్టీ మోకు’ అంటున్నారు. పర్వతారోహకులు వాడే రకం బెల్టు, తాళ్ళు, కొక్కేలు అందులో ఉంటాయి. జారితే మనిషి కింద పడడు, చెట్టుకు వేలాడతాడు. ఎక్కే తీరు పాతదే, పాత మోకు ఇవ్వలేని ఆ రెప్పపాటు ఆసరాను ఇది ఇస్తుంది. కొత్త కొక్కెం బిగించడం, విప్పడం వల్ల చెట్టుకు పట్టే సమయం కొంత పెరుగుతుంది. పూటకు పది పదిహేను తాళ్ళెక్కేవాడికి అది చిన్న సంగతి కాదు. అలవాటు చేయడానికే ఊరూరా శిక్షణ పెట్టాల్సి వచ్చింది.

ఈలోపు నీరా మళ్ళీ వచ్చింది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. సున్నం వాసన లేకుండా నీరా పులవకుండా ఉండాలంటే చెట్టు మీద నుంచే చల్లగా ఉండాలి. కొబ్బరి కోసం కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధనా సంస్థ, గెల కొసకు తగిలించి మంచు నింపే పెట్టె ఒకటి తయారుచేసింది. అలాంటిది తాటి మీదికి రావాలంటే లొట్టి కంటే బరువైన పెట్టెను, దానితో పాటు మంచునూ, పూటపూటా మట్టల మధ్యకు చేర్చాలి. ముస్తాదులో దానికి చోటు ఎక్కడ అన్నది ఇంకా తేలాలి.