డేనుల రేవులు – తెలుగు సువార్త

ఉత్తర ఐరోపా సముద్రజనులైన నార్స్ ప్రజలు, అనగా వైకింగులు, మఠాలను దోచినవారిగానే మనకు పరిచయం. 793లో ఇంగ్లండులోని లిండిస్ఫార్న్ మఠాన్ని కొల్లగొట్టిన ఆ జనులే క్రమేణా తమ పొరుగువారి విశ్వాసాన్ని స్వీకరించారు. డేనులను తాను క్రైస్తవులను చేశానని వారి రాజు హెరాల్డ్ బ్లూటూత్ సుమారు 965లో యెల్లింగ్ శిలపై చెక్కించాడు. ఆ డేనుల సంతతివారు తరువాతి కాలంలో ఓడలెక్కి తెలుగువారి చెంతకు కూడా వచ్చారు. ఈ సంగతిని మేమిచ్చట పరిశీలింపదలచాము.

1616లో ఏర్పడిన డేనిష్ ఈస్టిండియా కంపెనీకి 1620లో తరంగంబాడిని ఇచ్చినది తంజావూరు ప్రభువు రఘునాథ నాయకుడు. ఈయన తెలుగువాడు, తెలుగు కవి కూడ. అనతికాలంలోనే మచిలీపట్నంలోను డేనులు వర్తకశాల తెరిచారు గాని అది ఎంతోకాలం నిలువలేదు. మంగళగిరిలో మగ్గాల చప్పుడు మధ్య నివసించే మాకు, వారు ఈ తీరానికి నూలుబట్టల కోసం వచ్చారంటే వింతగా తోచదు.

1706లో డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ పంపగా జీగెన్‌బాల్గ్, ప్లూట్‌షౌ తరంగంబాడి చేరారు. రాజు పంపినవాడినే అక్కడి డేనిష్ అధికారి 1708లో చెరలో వేయించాడన్నది మరువరాదు. అదే మిషనులో 1719లో చేరిన జర్మన్ దైవజనుడు బెంజమిన్ షుల్జ్ 1726లో మద్రాసు వెళ్లి, తెలుగు నేర్చి, 1732 నాటికి బైబిలు యావత్తును తెనిగించాడు. అది అచ్చుకు నోచుకోలేదు. అయితే 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో లూథరు చిన్న ప్రశ్నోత్తరిని తెలుగులో అచ్చువేయించాడు. హైయర్ అయ్యగారు గుంటూరు వచ్చినది 1842లో. అంటే మన లూథరన్ సోదరులు తమ మిషను చరిత్రకు ఆరంభంగా ఎంచే సంవత్సరానికి 96 ఏండ్ల మునుపే లూథరు తెలుగులో అచ్చయ్యాడు!

ఇంగ్లీషు కంపెనీ మిషనెరీలకు అడ్డుపడిన దినాలలో డేనుల రేవులే శరణమయ్యాయి. విశాఖపట్నంలో 1805లో పని ప్రారంభించిన క్రాన్, డెగ్రాంజి దొరలు 1804లో కోపెన్‌హాగన్‌లో ఓడ ఎక్కి తరంగంబాడిలో దిగారు. ఆనందరాయరు సహకారంతో డెగ్రాంజి తెనిగించిన మూడు సువార్తలు, ఆయన మరణానంతరం 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అది కూడ డేనుల పట్టణమే. 1800లో కేరీకి నీడనిచ్చినదీ అదే.

దీనిని డేనుల భక్తిగా మేము చూపబోము. వారికి ఇచ్చట కాపాడుకోవలసిన సామ్రాజ్యం లేదు. సువార్త ప్రకటించేవారిని చూచి బెదరవలసిన అవసరమూ లేదు. గొప్ప రాజ్యం మూసిన తలుపు చిన్న రాజ్యం తెరిచింది. షుల్జ్‌కు తెలుగు నేర్పిన మనవారి పేర్లను మాత్రం మన సంఘాలలో ఎవరూ తలచుకొనరు. మా దృష్టిలో ఇది ఋణమే.

1845లో తరంగంబాడిని, శ్రీరాంపూరును డేనులు ఇంగ్లీషువారికి అమ్మివేశారు. ఆరవ ఫ్రెడరిక్ 1827లో శ్రీరాంపూరు కళాశాలకు ఇచ్చిన పట్టప్రదాన శాసనాన్ని మాత్రం ఆ ఒప్పందంలో కాపాడుకొన్నారు. మా బి.డి. పట్టాకు మూలాధారం ఆ శాసనమే. పట్టా అందుకొన్ననాడు ఆ సంగతి మేమెరుగము.