కలకత్తోళ్లు ఎత్తుకపోయిన ఆటగాళ్లు

జర మంట కాడికి జరుగుండ్రి బిడ్డా, సలి వెడుతున్నది. హైదరాబాద్ తూఫాన్స్ కోసం హాకీ ఆటగాళ్లను వేలంల కొన్నరని నోళ్లు తెరుస్తున్నరు గదా! కెనడా, అమెరికా దిక్కు ఐస్ హాకీల 1952 నుంచే ఒక జట్టు కాపాడుకోని ఆటగాళ్లను ఇంకో జట్టు ఎత్తుకునే కాయిదా ఉండె. మన ఫుట్‌బాల్‌ల అసొంటి కాయిదా లేకుంటనే కలకత్తోళ్లు ఆటగాళ్లను ఎత్తుకపోయిండ్రు.

చేవెళ్ల కెళ్లి మర్రిచెట్ల సడక్ పట్టుకోని పట్నం పోతే ఫతే మైదాన్‌ల ఆట. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీం అంటే మజాకా కాదు. 1950 నుంచి 1954 దాక వరుసగ ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు మనదే. కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్‌ను ఓడగొట్టి 1950ల డ్యూరాండ్ కప్పు గూడ తెచ్చిండ్రు. ఆ టీంను తయారుచేసినాయిన రహీం సాబ్, బడి పంతులు. రాని కాలుతోనే బంతి తన్నాలె అని పోటీలు పెట్టేటోడు.

అమ్ముగూడ పిలగాడు బలరాంను పట్టుకున్నది గూడ ఆయననే. పట్నం దాక రానీకి పైసల్లేవంటే సైకిల్ కిరాయి నేనిస్త అన్నడట. ఆ బలరాం 1957ల ఇంకో కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు పోయిండు. 1966ల నయీముద్దీన్, హబీబ్ గూడ ఆడికే పాయె.

ఆడ తమాషా ఏందంటే, అప్పట్ల క్లబ్బు మారాలంటే ఆటగాడు సొంతంగ ఫుట్‌బాల్ సంఘం ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టాల్సుండె. అందుకని సంతకమయ్యేదాక క్లబ్బోళ్లు వాణ్ని ఎవని ఇంట్లనో దాచిపెడుదురు. ఎదుటి క్లబ్బోళ్లు గల్లీ గల్లీ దేవులాడుదురు. పెండ్లి కొడుకును గూడ గంత కావలి కాయరు! హబీబ్ అయితే మూడు పెద్ద క్లబ్బుల నడుమ అటిటు తిరుగుతనే ఉన్నడు. 1977ల పెలే కలకత్తాకొచ్చి ఆడిననాడు మోహన్ బగాన్ దిక్కు ఒక గోలు హబీబ్‌దే. ఆట రెండు, రెండు.

కలకత్తోళ్లు మనను దోసుకున్నరని కొందరంటరు. నేనొప్పుకోను. ఆడ పైసలుండె, మైదానం నిండ జనముండె. మనోళ్లు పిలగాండ్లను తయారుచేసిండ్రు గని నిలుపుకోలే. 1963ల రహీం సాబ్ పోయినంక ఆ తయారుచేసుడు గూడ సన్నగిల్లింది.

బలరాం బెంగాల్‌లనే ఉండిపోయిండు, 2023 ఫిబ్రవరిల ఆడనే పోయిండు. హబీబ్ మాత్రం హైదరాబాద్‌కు తిరిగొచ్చిండు. అదే ఏడు ఆగస్టు 15 నాడు ఈడనే కాలం జేసిండు.