హిప్నాటిజం తెలిసిన గూఢచారి ఎక్కడివాడు?

ఈ వారం ఎపిసోడ్‌లో టైమ్ చాలక సగమే చెప్పగలిగిన కథ ఇది. విన్నవాళ్లకి ఇది మిగతా సగం. విననివాళ్లు ఇదొక్కటి చదివినా సరిపోతుంది.

ఐసెలిన్ చుట్టుపక్కల మన ఇళ్లలో కొందరు పిల్లలు శని, ఆదివారాలు బేస్‌మెంట్‌లో చేరి పాచికలతో సూపర్ హీరోల ఆట ఆడుతుంటారు. ఒకళ్లు కథ నడుపుతారు, మిగతావాళ్లు హీరోలు. విలన్‌కి ఒక కాగితం ఉంటుంది. పేరు, శక్తులు, బలహీనత అన్నీ దాని మీద రాసుకుంటారు. ఈ ఆటల్లో ఒక పాత రకం విలన్ మళ్లీ మళ్లీ వస్తుంటాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి గూఢచారి. తుపాకీ అక్కర్లేదు. కళ్లలోకి చూస్తాడు, నెమ్మదిగా నాలుగు మాటలు చెబుతాడు, ఎదుటివాడు సొంత దేశం రహస్యాలు తెచ్చి చేతిలో పెడతాడు.

ఇలాంటివాడు నిజంగా ఉన్నాడా? ఇదీ ప్రశ్న.

ముందు కాగితాల మీద ఎలా పుట్టాడో చూద్దాం. 1894లో అచ్చయిన ‘ట్రిల్‌బీ’ అనే ఇంగ్లీషు నవలలో స్వెంగాలి అనే పాత్ర ఉంది. పాట రాని అమ్మాయిని హిప్నటైజ్ చేసి గొప్ప గాయనిగా నిలబెడతాడు. 1920లో జర్మనీలో ‘డాక్టర్ కాలిగరి’ సినిమా వచ్చింది. అందులో డాక్టరు నిద్రలో నడిచే మనిషి చేత హత్యలు చేయిస్తాడు. 1922లో డాక్టర్ మబూజె వచ్చాడు. చూపుతో జూదగాళ్లని లొంగదీసే నేరగాడు. 1934లో అమెరికా పేపర్లలో మాండ్రేక్ మొదలయ్యాడు. అదే విద్య, కాకపోతే ఈయన హీరో. చివరికి 1941 మార్చి తేదీతో వచ్చిన కెప్టెన్ అమెరికా మొదటి సంచికలోనే సాండో అనేవాడు కనిపిస్తాడు. స్టేజీ ఎక్కి జరగబోయే విధ్వంసాలు ముందే చెప్పే జోస్యగాడిలా నటిస్తాడు. తీరా చూస్తే ఆ విధ్వంసాలు చేయించేది అతని ముఠాయే. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకే దిగలేదు. భయం మాత్రం ముందే దిగింది.

మనకీ ఈ ఊహ కొత్తేమీ కాదు. వశీకరణం, కనికట్టు అనే మాటలు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. ఎవడైనా ఇంట్లోవాళ్ల మాట వినడం మానేస్తే ‘వాడికేదో మందు పెట్టారు’ అంటాం. బి.వి. పట్టాభిరామ్ గారు స్టేజీ మీద హిప్నాటిజం చేస్తుంటే మన ఊళ్లలో జనం నోళ్లు తెరుచుకుని చూశారు. స్టేజీ మీద పని చేసేది యుద్ధంలో కూడా పని చేస్తుందా?

అమెరికాలో పెద్దవాళ్లే ఈ ప్రశ్న వేసుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్‌గేట్ యూనివర్సిటీలో జార్జ్ ఎస్టబ్రూక్స్ అనే సైకాలజీ ప్రొఫెసర్ ఉండేవారు. హిప్నాటిజంతో గూఢచారుల్ని తయారు చేయవచ్చని 1943లో తన పుస్తకంలో వాదించారు. యుద్ధంలో తానే అలాంటి పని చేశానని చాలా ఏళ్ల తర్వాత, 1971లో, ఒక పత్రికలో చెప్పుకున్నారు. యుద్ధకాలపు అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్‌ఎస్‌లో పరిశోధనలు చూసిన స్టాన్లీ లొవెల్ కూడా ఈ దారిలో ఆలోచించి, పేరున్న సైకియాట్రిస్టుల్ని అడిగారు. మనస్సాక్షికి విరుద్ధమైన పని హిప్నాటిజం చేయించగలదనడానికి ఆధారం లేదని వాళ్లు తేల్చారు. 1953లో మొదలైన సీఐఏ ఎంకేఅల్ట్రా ప్రయోగాల్లోనూ హిప్నాటిజం ఒక భాగమే. ఏళ్లు గడిచినా, డబ్బు ఖర్చయినా, ఆటలో ఉన్నలాంటి విలన్ మాత్రం తయారు కాలేదు.

తమాషా ఏమిటంటే, ఆట తయారు చేసినవాళ్లకి ఈ సంగతి తెలిసినట్టే ఉంది. 1981లో వచ్చిన ‘చాంపియన్స్’ అనే సూపర్ హీరో ఆటలో మనసుని లొంగదీసే శక్తికి ఒక లెక్క ఉంది. ఎదుటివాడికి ఇష్టమైన పనే అయితే చిన్న అంకె పడినా చాలు. వాడు గట్టిగా వ్యతిరేకించే పని చేయించాలంటే మాత్రం చాలా పెద్ద అంకె పడాలి. మనసు ఎంత ఎదురు తిరిగితే శక్తి అంత ఎక్కువ కావాలన్నమాట.

మరి నిజం గూఢచారులు అంత పెద్ద అంకె ఎలా వేశారు? వాళ్లకి ఆ అవసరమే రాలేదు. దీనికి మంచి ఉదాహరణ మనకి దగ్గర్లోనే ఉంది. మెట్రోపార్క్‌లో ట్రైన్ ఎక్కితే నెవార్క్, అక్కడినుంచి న్యూయార్క్. కథ ఆ దారిలోనే జరిగింది.

విలియం సెబోల్డ్ జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యంలో పనిచేశాడు. 1921లో దేశం వదిలి, అమెరికాలోనూ దక్షిణ అమెరికాలోనూ ఫ్యాక్టరీల్లో, విమానాల కంపెనీల్లో పనులు చేశాడు. 1936లో అమెరికా పౌరసత్వం వచ్చింది. 1939లో అమ్మని చూడ్డానికి ఊరెళ్లాడు. మనం చేసే ప్రయాణమే కదా!

ఓడ దిగగానే హాంబర్గ్‌లో గెస్టపో మనిషి పలకరించాడు. అమెరికాలో విమానాల ఫ్యాక్టరీలో చేశావట కదా, తర్వాత కలుద్దాం అన్నాడు. సెప్టెంబర్‌లో గాస్నర్ అనే ఇంకొకాయన వచ్చాడు. అమెరికా తిరిగి వెళ్లి మాకు గూఢచారిగా పనిచెయ్యి అన్నాడు. చెయ్యనంటే ఇక్కడున్న నీ వాళ్ల సంగతేమిటన్న బెదిరింపు మాటల వెనక ఉంది. ఆ రోజుల్లోనే సెబోల్డ్ పాస్‌పోర్ట్ కూడా దొంగతనమైంది.

చూశారా, ఇందులో కళ్లలోకి చూడటం ఎక్కడా లేదు. అమ్మ అక్కడ ఉంది, పాస్‌పోర్ట్ పోయింది, ఎవరికైనా చెబితే ఏమవుతుందో తెలీదు. ఇంటికి దూరంగా బతికే మనిషిని కట్టెయ్యడానికి ఈ మూడు తాళ్లు చాలు.

సెబోల్డ్ సరేనన్నాడు. ఆ తర్వాత చేసిన పనే అతన్ని కాపాడింది. కొత్త పాస్‌పోర్ట్ కావాలని కొలోన్‌లోని అమెరికా కాన్సులేట్‌కి వెళ్లి, జరిగిందంతా అక్కడి అధికారులకి చెప్పేశాడు. ఎఫ్‌బీఐకి సహకరిస్తానన్నాడు. హాంబర్గ్‌లో జర్మన్లు రహస్య లిపి, రేడియో పద్ధతులు నేర్పితే బుద్ధిగా నేర్చుకున్నాడు. 1940 ఫిబ్రవరి 8న న్యూయార్క్‌లో దిగాడు. అప్పటినుంచి రెండు వైపులా పని.

ఎఫ్‌బీఐ అతనికి 42వ వీధిలో ఒక ఆఫీసు పెట్టించింది. బయటికి డీజిల్ ఇంజనీరు ఆఫీసు. లోపల అద్దం వెనక కెమెరా. లాంగ్ ఐలాండ్‌లో ఒక రేడియో స్టేషన్ పెట్టి, సెబోల్డ్ పేరు మీద ఎఫ్‌బీఐ వాళ్లే జర్మనీతో మాట్లాడారు. 300కి పైగా సందేశాలు పంపారు, సుమారు 200 అందుకున్నారు. అవతలివాళ్లకి అనుమానమే రాలేదు.

ఆ ఆఫీసుకి వచ్చిపోయినవాళ్లలో మన విలన్‌కి దగ్గరగా ఉండేవాడు ఒక్కడే, ఫ్రిట్జ్ డుకేన్. దక్షిణాఫ్రికాలో పుట్టిన బోయర్. వేషాలు, గొప్పలు, కోతలు. 1919లో పక్షవాతం వచ్చినట్టు నటించి న్యూయార్క్ ఆసుపత్రి నుంచి పారిపోయిన ఘనుడు. మిగతావాళ్లలో చాలామంది మాత్రం మనలాంటి మామూలు పనివాళ్లే. ఓడల్లో వంటవాళ్లు ఉన్నారు. నెవార్క్‌లో వెస్టింగ్‌హౌస్ కంపెనీలో ఇన్‌స్పెక్టర్‌గా చేసిన కార్ల్ రూపర్ ఉన్నాడు. డబ్బు కోసం కొందరు, సొంతదేశం మీద అభిమానంతో కొందరు వెళ్లారు. మత్తులో మాత్రం ఎవరూ వెళ్లలేదు.

1941 జూన్ చివర్లో అరెస్టులు జరిగాయి. మొత్తం 33 మందికి శిక్ష పడింది. 19 మంది ముందే నేరం ఒప్పుకున్నారు. మిగతా 14 మంది దోషులని బ్రూక్లిన్ కోర్టులో జ్యూరీ డిసెంబర్ 13న తేల్చింది. పెర్ల్ హార్బర్ దాడి జరిగి అప్పటికి ఆరు రోజులు. జనవరి 2న శిక్షలు చదివితే అన్నీ కలిపి 300 ఏళ్లు దాటాయి. డుకేన్‌కి 18 ఏళ్లు. సెబోల్డ్ మాత్రం పేరు లేకుండా కాలిఫోర్నియాలో బతికి 1970లో పోయాడు.

ఇంకో మాట గట్టిగా చెప్పుకోవాలి. పట్టుబడ్డవాళ్లలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లు. పట్టించినవాడూ వలస వచ్చినవాడే. యుద్ధం వస్తే వలసవాళ్లందరినీ ఒకే గాటన కట్టి అనుమానించడం తేలిక. సెబోల్డ్‌ని కాన్సులేట్ గుమ్మంలోనే అనుమానించి పంపేసి ఉంటే ఈ కేసే లేదు.

ఇక ఇప్పటి సంగతి. ఫోన్ మోగుతుంది. ఎంబసీ నుంచి మాట్లాడుతున్నాం, మీ పాస్‌పోర్ట్‌లో తప్పుంది అంటారు. లేదా పోలీసులం, మీ పేరు మీద పార్సిల్ దొరికింది, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు అంటారు. వీడియో కాల్ కట్ చెయ్యనివ్వరు. ఇంట్లోవాళ్లకి చెప్పొద్దంటారు. డబ్బు పోయాక మనవాళ్లు చెప్పే మాట ఒకటే: ‘ఏమైందో తెలీదండీ, హిప్నటైజ్ చేసినట్టయింది.’ అమెరికాలో ఉన్నా, గల్ఫ్‌లో ఉన్నా మాట అదే. నంబరు ఎంబసీదే కనబడేలా చేసి ఇలా మోసం చేస్తున్నారని వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయమే హెచ్చరించింది. డిజిటల్ అరెస్టు అనేది భారత చట్టంలో ఎక్కడా లేదు.

మోసపోయినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. గాస్నర్ వేసిన తాళ్లే ఇవీ: ఊళ్లో అమ్మానాన్న, చేతిలో కాగితాలు, ఎవరికీ చెప్పొద్దన్న మాట. ఎనభై ఏళ్లు దాటినా పాచిక మారలేదు. తెంపే పద్ధతీ మారలేదు. ఫోన్ పెట్టెయ్యండి. పక్క గదిలో రూమ్మేట్‌కి చెప్పండి, అన్నయ్యకి చెప్పండి. ఎంబసీ నంబరు మీరే వెతుక్కుని మీరే చెయ్యండి.

మీ పిల్లలు ఈ వారం ఆటలో హిప్నటిస్టు గూఢచారిని పెట్టుకుంటే, కాగితం మీద బలహీనత అన్న చోట ఒక్క లైను రాయమనండి: బాధితుడు ఇంకో మనిషికి చెప్పిన క్షణం ఇతని శక్తి పోతుంది.

వచ్చే వారం కలుద్దాం.